ఫుజైరా నుంచి నడుముకు కత్తితో

మా ముదీర్, అంటే ఆఫీసులో మా అరబ్ మేనేజరు, ఆఫ్రికాలో పెద్ద దుప్పుల వేటకు వెళ్తూ, కళేబరం కోయడానికి మంచి కత్తి ఎంచి తెమ్మన్నాడు. మా తాతగారు వేటాడేవారని ఆఫీసులో చెప్పింది నేనే. జమీ పోయినా మాట పోకూడదు గనక ఒప్పుకున్నాను.

అది 2005 జనవరి. శుక్రవారం ఉదయం ఏడింటికి మా పేట సత్వాలో గది విడిచి, అదే నగరంలోని దేరాలో ఫుజైరా షేర్ టాక్సీ ఎక్కాను. రెండు గంటల ప్రయాణం. కొండల్లో చలికి కోటు అవసరమే.

పాత బజారులో పఠాన్ దుకాణదారు వెండి పిడుల కత్తులు చూపాడు. వద్దన్నాను. మడత కత్తీ వద్దన్నాను. మడతలో నెత్తురు, కొవ్వు చేరితే కడగలేం. జానెడుకన్నా పొట్టిది, మొన పైకి లేవనిది తీసుకున్నాను. పొట్ట చీల్చేటప్పుడు మొన పేగుకు తగిలితే మాంసం పాడవుతుంది. పిడిని తడిచేత్తో పట్టి చూశాను, జారలేదు.

మలబారు హోటల్లో చేపల కూరతో భోంచేసి మూడింటికి తిరుగు టాక్సీ పట్టాను. కత్తిని డిక్కీలో వేయమన్నాడు డ్రైవర్. అందులో ఉన్న ఉల్లిపాయల బస్తా పక్కన ఆయుధం పెట్టడం మా ఇంట లేదు. ఒరతో సహా కోటు కింద నడుముకు కట్టుకున్నాను.

పక్కన కూర్చున్న కరీంనగర్ మేస్త్రీ మల్లయ్యకు పిడి కనబడింది.

"పెండ్లికి పోతున్నవా సారూ, కొట్లాటకా?"

ముదీర్ కోసమన్నాను.

"ముంగట చెక్‌పోస్టు ఉన్నది. నడుముల కత్తి దొరికితె ఖలాస్. నీతోని మేం గూడ పోతం."

ఆ తర్వాత ప్రతి మలుపులోనూ పిడి పక్కటెముకల్లో గుచ్చుకుంది. వీసా రద్దయితే మర్నాడే విమానం ఎక్కిస్తారు.

చెక్‌పోస్టులో పోలీసు నన్నే దిగమన్నాడు. కోటు తీయించి, కత్తి చూసి, చేయి చాచాడు. మా ఇళ్ళలో కత్తిని చేతి నుంచి చేతికి ఇవ్వరు, వైరం వస్తుందని. నా చేయి పిడి మీదే ఆగింది. అతని చేయి తుపాకీ మీదకు వెళ్ళింది.

"కింద పెట్టు సారూ," అన్నాడు లోపలి నుంచి మల్లయ్య, మెల్లగా.

వంగి, ఒరతో సహా కత్తిని తారు మీద పెట్టి వెనక్కి జరిగాను. ముదీర్ నంబరు కలిపి ఇస్తే, పోలీసు నా ఫోన్‌లోనే అతనితో అరబ్బీలో చాలాసేపు మాట్లాడాడు. నా పేరు తప్ప ఏదీ అర్థం కాలేదు. చివరకు కత్తిని తనే తీసి, ఉల్లిపాయల బస్తా మీద పెట్టి డిక్కీ మూశాడు.

కారు కదిలాక చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకుని తల దించుకునే కూర్చున్నాను. మల్లయ్య చూసి, నీళ్ళ సీసా మూత తీసి నా ఒళ్ళో పెట్టాడు.

ఫుజైరా దారిలో కొండలు చాలా బాగుంటాయంటారు. వెళ్ళేవారు వెళ్ళేటప్పుడే చూడండి. తిరుగుదారిలో ఎలా ఉంటాయో నేను చెప్పలేను.