రేపల్లె గేమ్ సెంటర్‌లో మెమరీ పందెం

దగ్గరికి జరిగి కూర్చోండి, ఫ్యాను గాలి అందరికీ తగులుతుంది. 2006లో జరిగిన సంగతి చెబుతాను. నేను చదివింది ఏడో తరగతే. తెనాలిలో మావారి టీవీ రిపేరు కొట్లో ఒక పక్కన బల్ల వేసుకుని కంప్యూటర్లు బిగించేదాన్ని.

ఒక గురువారం పొద్దున రేపల్లె నుంచి కరీముల్లా వచ్చాడు. ఆరు కంప్యూటర్లతో గేమ్ సెంటర్ నడిపేవాడు. నన్ను ఆపా అని, అంటే అక్క అని పిలిచేవాడు. ఆ రోజు ముఖంలో కళ లేదు.

"ఆదివారం బాపట్ల కాలేజీ కుర్రాళ్లు పోటీకి వస్తున్నారు ఆపా. మన సిస్టమ్స్‌లో గేమ్ ఆగి ఆగి నడుస్తోంది. ఈసారీ అలాగే అయితే మళ్లీ నా గడప తొక్కరు. సెంటర్ ఎత్తేయాల్సిందే."

జేబులోంచి కాగితం తీశాడు. ఎర్ర రేకు తొడుగున్న ఖరీదైన మెమరీ పేరు ఎవరో రాసిచ్చారు. అతని దగ్గరున్న డబ్బు రెండు సిస్టమ్‌లకే సరిపోతుంది.

"మిగతా నాలుగూ?"

"మామూలుగా ఆడేవాళ్లకి."

"పెళ్లికి పిలిచి రెండు విస్తళ్లకే కూర వడ్డిస్తావా ఏంటి?" అన్నాను.

ఈ మెమరీనే ర్యామ్ అంటారు, అది వంటగట్టు లాంటిది. అతని సిస్టమ్‌లలో ఒక్కో 512 ఎంబీ ముక్కే ఉంది. గట్టు చాలక గేమ్ మాటిమాటికీ హార్డ్ డిస్క్ అనే సామాన్ల గదికి పరుగెత్తుతోంది. ఆగిపోయేది అక్కడే. అదే డబ్బుతో ఆరింటికీ ఇంకో మామూలు ముక్క వస్తుందని చెప్పాను. నమ్మలేదు.

మర్నాడు తెలిసిన కొట్లో ఎర్ర జతను అడిగి పుచ్చుకుని, ప్యాసింజరెక్కి రేపల్లె వెళ్లాను. ఒక సిస్టమ్‌లో అది పెట్టాను. పక్కదానిలో పాత ముక్కకు తోడు అలాంటిదే మామూలుది. రెండూ ఒకే రంగు స్లాట్లలో జతగా పెట్టాలి, అప్పుడు రెండు చేతులా వడ్డించినట్టు ఉంటుంది. దాన్నే డ్యూయల్ చానల్ అంటారు. ఏది ఎందులో ఉందో కనపడకుండా కరీముల్లా తన లుంగీలే తెచ్చి, పక్క మూతలు తీసి ఉన్న క్యాబినెట్ల మీద కప్పాడు.

సెంటర్ ఎలా ఉందో చూసుకోవడానికి బాపట్ల జట్టు కెప్టెన్ శ్రీకాంత్ ఆ రోజే వచ్చాడు. ఎర్రది ఎందులో ఉందో ఆడి చెప్పమని అతన్నే పరీక్షకు కూర్చోబెట్టాం.

"ఒక్క రౌండు చాలక్కా, వేలి కిందే తెలిసిపోద్ది" అన్నాడు.

అరగంట ఆడాడు. ఒకదాని మీద చెయ్యేసి, "ఇదే ఎర్రది. నున్నగా పోతోంది. రెండోది కాస్త బరువు" అన్నాడు.

కరీముల్లా లుంగీ లాగాడు. లోపల మామూలు ముక్కలు!

"బరువు సిస్టమ్‌దా, నీదా అబ్బాయ్?" అన్నాను.

"లుంగీ కప్పితే ఏం తెలుస్తుందక్కా!" అంటూ తనే పడీపడీ నవ్వాడు.

తర్వాత ఫ్రేముల లెక్క, అంటే సెకనుకు ఎన్ని బొమ్మలు మారుతున్నాయో, తెర మూలన పెట్టి చూశాం. ఎర్రదానికి ఒకటో రెండో ఎక్కువే వచ్చాయి, అబద్ధం ఎందుకు? ఆ తేడా అంకెకు తెలిసింది, ఆడేవాడికి తెలియలేదు.

శనివారం ఆరింటికీ మామూలువే బిగించాను. ఆదివారం పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఒక్కటంటే ఒక్కటి ఆగలేదు. రేపల్లె జట్టు గెలిచింది. సాధారణంగా ఓడినవాళ్లు తప్పు సిస్టమ్ మీదకే నెట్టేస్తారు. శ్రీకాంత్ మాత్రం హెడ్‌ఫోన్ తీసి, "సిస్టమ్‌కి వంక పెట్టలేం కరీం భాయ్. మేమే సరిగ్గా ఆడలేదు. వచ్చే ఆదివారం మళ్లీ వస్తాం, ఆరూ మాకే ఉంచు" అన్నాడు. కరీముల్లా నా వైపు తిరిగి, నీ మాటే నెగ్గింది ఆపా అన్నట్టు రెండు చేతులూ పైకెత్తాడు.

ముందు అందరికీ చాలినంత ఉండాలి, అటుపైన మిగిలితేనే మేలురకం. ఆ రోజు నేర్చుకున్నది ఇదే. మీ పిల్లలు ఓడినా గెలిచినా నవ్వుతూ ఇంటికి రావాలి, మీ ఇల్లు నిండుగా, చల్లగా ఉండాలి.