సిగ్నె కొట్టిన మేకు

ఫిజిక్స్ చదివితే ఏమేం ఉద్యోగాలొస్తాయని మా హైస్కూలు పిల్లలు ఏటా నన్ను పీక్కుతింటారు. వాతావరణ శాఖ, బ్యాంకులు, గనులు అని చెప్పి పంపేస్తాను. సిగ్నె సంగతి మాత్రం చెప్పను. చెబితే ఒక్కడు కూడా ఆ చదువు జోలికి పోడు.

సిగ్నె, నేనూ ఉత్తర స్వీడన్‌లో ఒకే గదిలో కూర్చుని పీహెచ్‌డీ మొదలుపెట్టాం. లేజర్ గది నేలమాళిగలో ఉండేది. చలికాలమంతా చీకట్లో లోపలికెళ్ళి చీకట్లోనే బయటికొచ్చేవాళ్ళం. రెండో ఏడే నేను ఆ చదువుకో దండం పెట్టి పంతులమ్మనయ్యాను. సిగ్నె ఉండిపోయింది.

మా ప్రొఫెసర్ గున్నార్ ఎవరిమీదా గొంతు పెంచి ఎరగడు. అదే సిగ్నె కొంప ముంచింది. కాఫీ వేళకి యాలకుల బన్నులు తనే పట్టుకొచ్చేవాడు.

"సిగ్నె, ఇంకొక్క కొలత తీస్తే బాగుంటుందేమో. బలవంతం లేదు."

"థీసిస్ రాయడం కూడా అయిపోయింది గున్నార్."

"అవునవును, ఊరికే అన్నాను."

మర్నాడు చూస్తే ఆమె నేలమాళిగలో కొలతలు తీస్తుండేది. నీకు నోట్లో నాలుక లేదటే అని తిడితే, "ఇదే ఆఖరుదిలేవే," అనేది. అలా ఎన్ని ఆఖరివి అయ్యాయో!

చివరికి ఎలాగో తెగించి కాగితం మిల్లులో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకుంది. కాగితం తడి, మందం కొలిచే పని. "పొద్దున కొలిస్తే సాయంత్రానికి ఫలితం. తర్వాత ఇంటికి. ఇంకేం కావాలే?" అని మురిసిపోయింది. మిల్లువాళ్ళకీ నచ్చింది. ప్రొఫెసర్‌ని ఒక్కమాట అడిగి ఖాయం చేస్తామన్నారు. ఆ ధైర్యంతో థీసిస్ అచ్చు వేయించింది. మా దగ్గర అచ్చయిన థీసిస్‌ని అందరి ముందూ గోడ బోర్డుకి మేకుతో కొడతారు. మేకు దిగాక మూడు వారాలకి వైవా, ఆపైన యూనివర్సిటీ ఇచ్చే పీహెచ్‌డీ జీతం బంద్. వెనక్కి తగ్గేది ఉండదు.

ఆ రోజు నేనూ బడికి సెలవు పెట్టి వెళ్ళాను. కాఫీ, కేకు, బోర్డు ముందు జనం, అంతా పండగలా ఉంది. సిగ్నె ముఖంలో మాత్రం నెత్తురుచుక్క లేదు.

"పొద్దున మిల్లు నుంచి ఫోనొచ్చిందే," అంది నా చెవిలో. "వేరేవాళ్ళని తీసుకున్నారట. వాళ్ళ పనికి నా చదువు మరీ ఎక్కువట."

మొన్నటిదాకా సరిపోయిన చదువు ఇవాళ ఎక్కువెలా అయిందో నాకు అంతుపట్టలేదు.

ఇంతలో గున్నార్ వచ్చి ఆమె భుజం తట్టాడు. "మిల్లువాళ్ళు నాకు ఫోన్ చేశారు సిగ్నె! గంటసేపు నీ గురించే చెప్పాను. ఇలాంటి బుర్ర మళ్ళీ దొరకదు, మీ దగ్గర ఏడాది కూడా నిలవదు, ఆమె పుట్టిందే పరిశోధనకి అన్నాను." అతని కళ్ళు చెమర్చాయి. అది నటన కాదు. "అక్కడ కుదరకపోతే నా దగ్గర రెండేళ్ళ పని ఉంది. బలవంతం లేదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. తిట్టి చెడగొట్టినవాణ్ణయితే నిలదీయొచ్చు. పొగిడి చెడగొట్టినవాణ్ణి నలుగురిలో ఏమని అడుగుతాం?

సిగ్నె సుత్తి అందుకుని మేకు కొట్టింది. అందరూ చప్పట్లు కొట్టారు.

"థాంక్స్ గున్నార్," అంది. "వైవా కాగానే వచ్చేస్తాను."

కేకులో మొదటి ముక్క అతనికే కోసి ఇచ్చింది.