రాజవ్వ కట్టిన చతుర్భుజం

మొన్న దుకాణంలో కొత్త జంపఖానా మడత విప్పగానే రంగు నూలు వాసన గుప్పున కొట్టింది. దుకాణదారు ధర చెబుతూనే ఉన్నాడు, నా చెవికెక్కలేదు. నా ప్రాణం మట్టెవాడలో, మా పక్కింటి రాజవ్వ మగ్గం దగ్గర వాలిపోయింది.

నిజాం కాలం నాటి మాట. తొమ్మిదో తరగతి చదువుతున్నాను, చదువంతా ఉర్దూలో. మా వాడలో హైస్కూలు గడప తొక్కిన ఆడపిల్లను నేనొక్కదాన్నే. ఆ గర్వమంతా లెక్కల దగ్గర ఆవిరైపోయేది. ఆరునెలల పరీక్షలో బీజగణితం ఎలాగో గట్టెక్కినా రేఖాగణితం నిలువునా ముంచింది. నాయిన కోప్పడలేదు. "పెద్ద పరీక్షల గూడ గిట్లనే అయితే బడి బందు. మగ్గం మీద కూసో బిడ్డా" అన్నాడు. ఆయన మెల్లగా అన్న మాటలే మా ఇంట్లో జరిగి తీరేవి.

మా ఇంట్లో తమ్ముళ్ల గోల భరించలేక రాజవ్వ అరుగుమీద లెక్కలు చేసుకునేదాన్ని. ఆమె భర్త పోయాక ఒంటిచేత్తో జంపఖానాలు నేసి బతుకుతున్న మనిషి, అక్షరం ముక్క రాదు. ఒకనాడు ఏం రాస్తున్నావో తనకూ చెప్పమంది. ఉర్దూ లెక్కను తెలుగులో చెప్పాను. అంతే, ఆమెకు లెక్కల పిచ్చి పట్టుకుంది. నేను రాగానే పోగులు దట్టించే పంజా పక్కన పడేసి వచ్చేది. "తెల్వనిదానికి ఒక పేరు పెట్టి పట్టుకునుడు మంచిగున్నది పిల్లా" అని బీజగణితాన్ని మెచ్చుకునేది.

ఒకనాడు బడిలో ఇచ్చిన ఇంటిపని ఇది: ఏదైనా చతుర్భుజంలో భుజాల మధ్యబిందువులను వరుసగా కలిపితే ఏ ఆకారం వస్తుందో నిరూపించాలి. రాజవ్వ ఆలోచించను కూడా లేదు. జంపఖానా నడుమ నేసే నాలుగు మూలల పువ్వే కదా, నాలుగు పక్కలూ సమానం అంది. దీర్ఘచతురస్రం గీసి, నాలుగూ సమానమని నిరూపించి, ఎగిరి గంతేశాను. మర్నాడు మా ఉస్తానీ, అంటే లెక్కల పంతులమ్మ, దాన్ని అడ్డంగా కొట్టేసి, మూలలు లంబకోణాలని నీకెవరు చెప్పారని అడిగింది. క్లాసంతా నవ్వింది. ఎవరు చెప్పాలి? మూల వంకరపోతే సేటు తిప్పికొట్టే సరుకు మధ్య పెరిగినదాన్ని. వంకర చతుర్భుజం ఒకటుంటుందని మా ఇద్దరికీ తట్టనే లేదు.

ఉడుకుమోత్తనంతో రాజవ్వ మీద విరుచుకుపడ్డాను. ఆమె కళ్లు మాత్రం మెరిశాయి. మట్టిగోడకు తోచినచోట నాలుగు మేకులు కొట్టి ఎర్రదారం చుట్టింది. ఒక్కో భుజాన్నీ దారంతో కొలిచి, సగానికి మడిచి, నడుమలను నీలిదారంతో కలిపింది. లోపల ఒక ఒరిగిన ఆకారం తేలింది. ఎదురెదురు పక్కలు కొలిస్తే సమానం! మేకు జరిపింది. మళ్లీ సమానం. ఇంకోటి జరిపింది. మళ్లీ!

"ఎందుకైతాంది పిల్లా? గోడల ఎవరన్న కూసోని సరిజేస్తాండ్రా?" అంది.

 కొలిస్తే చాలదు, కారణం రాయాలన్నాను. పెద్ద పువ్వును సగం సగం చేసుకుని నేస్తామంటూ ఆమె మూల నుంచి మూలకు ఒక తెల్లదారం లాగి కట్టింది. చతుర్భుజం రెండు త్రిభుజాలుగా విడిపోయింది. త్రిభుజంలో రెండు భుజాల నడుమలను కలిపే గీత గురించి వారం కిందట నేర్చిన సూత్రం నా తలలో ఒక్కసారిగా వెలిగింది. పై నీలిదారం తెల్లదారంలో సగం, దానికి సమాంతరం. కింది నీలిదారమూ అంతే. అయితే ఆ రెండూ ఒకదానికొకటి సమానం, సమాంతరం! లోపల తేలింది సమాంతర చతుర్భుజమే! పొయ్యిమీద ఆమె అన్నం మాడుతున్నా మేమిద్దరం ఆ గోడను వదల్లేదు. లెక్క ఇంత సంతోషం పెడుతుందని నాకు ఆరోజే తెలిసింది.

పెద్ద పరీక్షలో వేరే లెక్క వచ్చింది. బొమ్మను కావాలనే వంకరగా గీసుకుని దారి వెతికాను, దొరికింది. ఫలితాలు వచ్చిన రోజు నాయిన పాసయ్యావా అని అడిగి, సరే బడికి పో అని మగ్గం వైపు తిరిగాడు. నేను పక్కింటికి పరుగెత్తాను.

"రాజవ్వా, పాసైన."

"అయితవని నాకెర్కనే. ఏం లెక్కిచ్చిండ్రో చెప్పు ముందుగాల" అంటూ ఆమె గోడకు కొట్టడానికి మేకులు చేతిలోకి తీసుకుంది.

ముప్పై ఏళ్లు లెక్కల పంతులమ్మగా పనిచేశాను. పాసయ్యామని పరుగెత్తుకొచ్చిన ప్రతి పిల్లనూ ఏం లెక్కిచ్చారనే ముందు అడిగాను. పరీక్షించడానికి అడుగుతున్నాననుకుని వాళ్లు బెదిరేవాళ్లు. నిజానికి ఆ లెక్క నాక్కూడా కావాలి.