ఆమె తినని చిన్నరసం

విశాఖ నుంచి చెన్నైకి తెరచాప పడవలు గుంపుగా యాత్రకు బయల్దేరుతున్నాయి. ఒకదానిలో తాళ్లు లాగే పని నాది. రెడ్డిగూడెం మామిడితోటల్లో పెరిగినవాణ్ణి, హనుమాన్ జంక్షన్‌లో విశాఖ బస్సు కోసం చూస్తూ కూర్చున్నాను.

పక్కన ఎండుచేపల గంపతో కూర్చున్నామె నా లైఫ్ జాకెట్ చూసి, "సముద్రంలోకా బాబూ?" అంది.

"అవునండీ. ఈత బాగా వచ్చు."

"మా ఆయనకీ బాగానే వచ్చేది."

సంచిలోంచి ఒక చిన్నరసం మామిడిపండు తీసిచ్చాను. ఆమె వాసన చూసి, తిరిగి నా చేతిలోనే పెట్టింది.

"వచ్చాక ఇద్దువుగాని. సముద్రం మీదకెళ్లేవాళ్ల చేతిది మేం తినం."

పండు పడవలోనే కుళ్లింది. వాసన భరించలేక పారెయ్యమని అందరూ తిట్టారు. ఒడ్డు చేరేదాకా నేను దాన్ని నీళ్లలో వెయ్యలేదు.