శాన్ రామన్ దాకా వెంట వచ్చిన పొద్దు

ఆ రోజుల్లో నేను దూరాన్ని ఆకలితో కొలిచేదాన్ని. అక్షరం ముక్క రాదు, గడియారం ముళ్లు మాత్రం తెలుసు. దేశంకాని దేశంలో, నోవై అనే ఊళ్లో మా వదిన నడిపే కర్రీ పాయింట్‌లో వంట నాదే. ఏ డబ్బాలో ఏముందో వాసన చూసి చెప్పేదాన్ని (చదువుకన్నా ఇదే గొప్పదని అప్పట్లో నా గట్టి నమ్మకం). దేశానికి ఆ చివర శాన్ రామన్‌లో ఉన్న మా అక్క కూతురికి పెళ్లైన ఎనిమిదేళ్లకు నెల తప్పింది. బిడ్డ క్షేమంగా పుట్టాలని, కార్తీక సోమవారాలు చుక్క కనబడేదాకా మంచినీళ్లైనా ముట్టనని మొక్కుకున్నాను. తీరా దాని సీమంతానికి టికెట్ దొరికింది సోమవారానికే.

వదిన టికెట్ చదివి, మధ్యాహ్నం మూడింటికి ఎక్కితే ఐదున్నరకి దిగుతావంది. ఉపవాసంతో ప్రయాణమేమిటని గొణిగింది కూడా. రెండున్నర గంటలకే ప్రాణం పోతుందా వదినా అని నవ్వేశాను. దిగడం, చుక్కను చూడడం, తినడం, అంతే కదా.

విమానంలో నా వాచీ ఐదున్నర చూపించింది. కిటికీలో సూర్యుడు కదల్లేదు. ఆరున్నరైంది. అక్కడే ఉన్నాడు, నన్నే చూస్తున్నాడు. పక్క సీట్లో ఇక్కడే పుట్టిన తెలుగు పిల్ల ఆరెంజ్ జ్యూస్ తాగుతోంది (ఎన్ని గుక్కలో ఇప్పటికీ చెప్పగలను). టికెట్‌లో ఐదున్నరకే దిగుతామని ఉందట, ఇంకా పొద్దు పోలేదేమని దాన్నే అడిగాను.

"మనం వెస్ట్‌కి వెళ్తున్నాం ఆంటీ, సన్ కూడా మనతోనే వస్తుంది. టికెట్ మీద ఫైవ్ థర్టీ అంటే అక్కడి టైమ్. మీ వాచ్‌లో అప్పటికి ఎయిట్ థర్టీ అవుతుంది."

"మరి చుక్క కనబడేదాకా పస్తున్న నా కడుపుకి ఏ టైమ్ చెప్పను తల్లీ?"

పాపం, బాగా ఆలోచించింది. "నోవైలో స్టార్స్ ఈపాటికి వచ్చేసుంటాయి. అవి కౌంట్ అవ్వవా?"

మనసు లాగిన మాట నిజం. కానీ కంటికి కనబడని చుక్కను దేవుడు ఒప్పుకోడని తేల్చి చెప్పి, సూర్యుడి మీద కోపంతో కిటికీ మూసేశాను.

దిగేసరికి చీకటి పడుతోంది గానీ ఆకాశమంతా పొగమంచు. అక్క కూతురు దద్దోజనం డబ్బాతో కారు దగ్గర నిలబడి ఉంది. ముందు నువ్వు తినమన్నాను.

"నువ్వు తినందే నేనెట్లా తింటా పిన్నీ? పొద్దున్నుంచీ పాల మీదే ఉన్నా."

ఎవరి కోసం మొక్కుకున్నానో ఆ బిడ్డనే పస్తు పెడుతున్నాను. తల వెనక్కి వాల్చి ఆకాశమంతా వెతికాను. అదే చెయ్యెత్తి చూపించింది. "అదిగో పిన్నీ, చుక్క."

చుక్క ఎర్రగా మినుకుమంటోంది. మినుకుమంటూనే నోవై వైపు పోతోంది. నేను కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకున్నాను. మొదటి ముద్ద అక్క కూతురికే పెట్టాను.

యాభై దాటాక లైబ్రరీలో అక్షరాలు నేర్చుకుని, దాచుకున్న ఆ టికెట్ తీసి చదివాను. వేళలన్నీ ఏ ఊరివి ఆ ఊరివేనని అడుగున చిన్న అక్షరాల్లో రాసే ఉంది. ఇప్పుడు నన్నెవరూ మోసం చేయలేరు. అయినా కార్తీక సోమవారం నోవైలో మబ్బు పట్టిందంటే, ఈ చదువుకున్న మనిషి వాకిట్లో నిలబడి విమానం కోసమే చూస్తుంది.