ఒక్క లైను తీయమన్నారు

మా మేనత్త రంగూన్ నుంచి వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. అరవైల మధ్యలో సంగతి. బర్మాలో సైన్యం చేతికి రాజ్యం పోయాక మనవాళ్ళు గుంపులు గుంపులుగా ఓడలెక్కి తిరిగొచ్చేస్తున్నారు. అత్త మద్రాసులో దిగి, బెజవాడ దాకా రైల్లో వచ్చి, అక్కణ్ణించి బస్సులో కీసర మీదుగా నందిగామ చేరింది. చేతిలో ఒక రేకు పెట్టె. మామయ్య రాలేదు. ఆయన కాగితాలు ఇంకా కాలేదని చెప్పింది. అంతకు మించి చెప్పలేదు.

నాన్న బడిపంతులు. పొద్దున్నే అరుగు మీద కూర్చుని పేపరు పెద్దగా చదవడం ఆయన అలవాటు. చదువు రానివాళ్ళు నలుగురైదుగురు వచ్చి వినేవాళ్ళు. మధ్య మధ్యలో మంత్రుల్ని తన సొంత మాటల్లో తిట్టేవాడు. అత్త వచ్చిన మర్నాడు, బియ్యం కొరత మీద ఎవరో ఘాటుగా రాసిన వ్యాసం చదువుతుంటే, ఆమె వంటింట్లోంచి పరుగున వచ్చి వీధి తలుపు మూయబోయింది.

"అన్నయ్యా, మెల్లగా. ఎవరన్నా వింటారు."

"వినాలనేగా చదువుతున్నా!" అని నాన్న నవ్వాడు.

అత్త నవ్వలేదు. మరుసటి రోజు తనే అడిగింది. "నిన్న అది రాసినాయన ఏమయ్యాడు?"

"ఏమవుతాడు? ఇవాళ మళ్ళీ రాశాడు, చూడు."

ఆమె పేపరు తీసుకుని ఆ రచయిత పేరు మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది. ఆ వారమంతా రోజూ ఆ పేరు కోసం వెతికింది. కనిపించని రోజు అన్నం సరిగా తినలేదు. మర్నాడు కనిపిస్తే, "ఉన్నాడే, ఉన్నాడు" అని నాతో గుసగుసగా చెప్పింది.

ఓ ఆదివారం మధ్యాహ్నం చర్చి నుంచి వచ్చాక, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ నాకు మొత్తం చెప్పింది. రంగూన్లో వాళ్ళిద్దరూ ఒక చిన్న తెలుగు ప్రెస్సులో కంపోజిటర్లు. గళ్ళలోంచి సీసపు అక్షరాలు ఏరి, తిరగేసి వరసలో పేర్చడం మామయ్యే ఆమెకు నేర్పాడు. వారానికి రెండుసార్లు నాలుగు పేజీల పేపరు వేసేవాళ్ళు. ఓడలు వచ్చే వేళలు, పెళ్ళిళ్ళు, చావులు, దేశం కబుర్లు.

"మొదట ఓ సెన్సారు ఆఫీసరొచ్చాడు. మర్యాదస్తుడే. కుర్చీ వేస్తే కూర్చున్నాడు, టీ తాగాడు. ప్రూఫు చూసి ఒక్క లైను తీయమన్నాడు. ఒక్క లైనే గదా అని తీశాం. పై వారం ఒక పేరా. తీసినచోట తెల్లగా వదిలేశాం. అట్లా వదలకూడదన్నాడు. తెల్లగా ఉంటే ఏదో తీసేశారని జనానికి తెలిసిపోద్దంట! ఏదో ఒకటి నింపమన్నాడు. వంటల గురించి నింపాం. పోను పోను పేపరంతా వంటలేనే."

నాకు నవ్వొచ్చింది. ఆమె ముఖం చూసి ఆపుకున్నాను.

"తర్వాత?"

"తర్వాత ఆ వంటలకి పేపరెందుకన్నారు. అక్షరాలన్నీ గోతాల్లో పోసుకుని లారీలో వేసుకుపోయారు. ఒత్తులు, గుణింతాలు, పెద్దవి, చిన్నవి, అన్నీ కలిపి కుమ్మరించారు. ఆ రోజు మీ మామయ్య అన్నం ముట్టలేదు. పేపరు మూసినందుక్కాదే. అక్షరాలు కలిపేసినందుకు."

మామయ్య ఉత్తరాలు రెండు మూడు నెలలకొకటి వచ్చేవి. కవరు విప్పి మళ్ళీ అంటించిన జాడ తెలిసిపోయేది. ఒకదాంట్లో మధ్యలో కిటికీలా బ్లేడుతో కోసేసి ఉంది. కోతకు పైన "మన ఎదురింట్లో" అన్న మాట, కింద "నీ ఆరోగ్యం జాగ్రత్త". ఎదురింట్లో ఎవరికి ఏమైందో మాకు ఎప్పటికీ తెలియలేదు. అత్త ఆ కాగితాన్ని రెండు వైపులా తిప్పి చూసింది.

"ఇటువైపు వాళ్ళకి నచ్చని మాట పోయింది, సరే. అటువైపు రాసింది కూడా పోయింది కదే. అటువైపు నాకేం రాశాడో!"

అప్పటిదాకా సెన్సారంటే నాకు పేపర్లో చదివే ఒక మాట.

ఆ ఏడే ట్రెయినింగు పూర్తయి, జగ్గయ్యపేటలో ఒక స్కూల్లో నాకు ఉద్యోగం వచ్చింది. పేటలో నాన్నకు తెలిసిన ఒకాయన చిన్న ప్రెస్సు నడిపేవాడు. కంపోజిటరు మానేశాడని తెలిసి అత్త నాతో బయల్దేరింది. ఆడమనిషి ఈ పని చేస్తుందా అని ఆయన మొదట సందేహించాడు. అత్త ఒక శుభలేఖ తీసుకుని, ఆయన చుట్ట కాల్చుకునేలోపు పేర్చి చూపించింది. మర్నాటి నుంచే పనిలోకి రమ్మన్నాడు. స్కూలు అయ్యాక నేనూ అక్కడికే వెళ్ళి కూర్చునేదాన్ని. శుభలేఖలు, మిరపకాయల వ్యాపారుల రసీదు పుస్తకాలు, సినిమా ప్రకటనలు. అలా ఓ ఏడాది గడిచింది.

ఒక వేసవి రోజున పక్క ఊరి పాలెం నుంచి ముగ్గురు ఆడవాళ్ళు ప్రెస్సుకొచ్చారు. కూలి పనులకు వెళ్ళేవాళ్ళు. వాళ్ళు మంచినీళ్ళు తెచ్చుకునే బావి దారి మీద ఒక కంట్రాక్టరు సున్నపురాయి గుట్టలు పోసి మూసేశాడు. మైలు చుట్టూ తిరిగి నీళ్ళు మోస్తున్నారు. సంత రోజున అందరూ పంచాయతీ ఆఫీసుకు రండని కరపత్రం వేయాలి. ముగ్గురిలో బైబిలు చదవడం వచ్చిన ఒకామె స్వయంగా రాసుకొచ్చింది. అందులో ఒక వాక్యం ఇది: "దారి మూసిందెవరో ఊరందరికీ తెలుసు, ప్రెసిడెంటుగారికి ఒక్కరికే తెలియదా?"

అత్త పేర్చడం మొదలుపెట్టింది. ఎవరు మోశారో కబురు, మర్నాడు మధ్యాహ్నానికల్లా ప్రెసిడెంటు తాలూకు మనిషి ఒకాయన వచ్చాడు. తెల్ల ఖద్దరు, చేతిలో గొడుగు.

"మాకేం అభ్యంతరం లేదండి. వేసుకోండి. ఆ ఒక్క లైను తీసెయ్యండి, చాలు."

ప్రెస్సు యజమాని వెంటనే తల ఊపాడు. కంట్రాక్టరు రసీదులన్నీ ఆయన దగ్గరే అచ్చవుతాయి. "తీసెయ్యమ్మా. ఒక్క లైనేగా" అన్నాడు.

అత్త చేతిలో అక్షరాల వరస ఉంది. దాన్ని కింద పెట్టకుండానే ఆయన వైపు తిరిగింది.

"తీయనండి."

"ఏంటమ్మా?"

"తీయనన్నా. ఇంకోచోట ఒక్క లైను తీశా. ఆ తర్వాత ఏమైందో నాకు తెలుసు. ఇక్కడ తీయమని చట్టం లేదు గదా? ఉంటే చూపించండి."

"పోలీసులు వస్తే?" అన్నాడు యజమాని.

"రానివ్వండి. ఏ మాట తప్పో చెప్పమంటా. కింద ప్రెస్సు పేరేసే అచ్చు వేస్తున్నాం. దాక్కుని వేసే కాగితం కాదిది."

వచ్చినాయన యజమాని వైపు చూశాడు. యజమాని అత్త వైపు చూశాడు. బయట మెట్ల మీద ఆ ముగ్గురు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. వాళ్ళలో ఒకామె లోపలికి తొంగి చూసి, "మాట తీసేస్తే మాకొద్దయ్యా. బెజవాడ పోయి ఏయించుకుంటాం" అంది. ఖద్దరాయన గొడుగు తెరుచుకుని వెళ్ళిపోయాడు.

యజమాని కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. "నేను భోజనానికి వెళ్తున్నా. గంట పడుతుంది" అన్నాడు. మిషను గది తలుపు తెరిచే ఉంచి వెళ్ళాడు.

అత్త కాలితో మిషను తొక్కింది. నేను కాగితాలు అందుకుని ఆరబెట్టాను. ఆ వాక్యం సరిగ్గా మధ్యలో, నల్లగా, స్పష్టంగా పడింది.

సంత ఆదివారం. స్కూలుకు సెలవు. బస్టాండులో నేనూ కరపత్రాలు పంచాను. పంచాయతీ ఆఫీసు ముందు జనం బాగానే చేరారు. మంగళవారం పోలీస్ స్టేషను నుంచి అత్తకు పిలుపు వచ్చింది. ఆమె సంచిలో ఇంకో చీర, దువ్వెన, బైబిలు సర్దుకుంది. ఎందుకత్తా అంటే, "రాత్రికి పంపకపోతే" అంది. నేను తోడు వెళ్ళాను. సబ్ ఇన్‌స్పెక్టరు కరపత్రం చదివాడు.

"ఎవరు రాశారమ్మా ఇది?"

"కింద సంతకాలు చేసినవాళ్ళే రాశారండి. నేను అచ్చేశా."

"గొడవలేమీ చేయకండి. వెళ్ళండి."

అత్త కదల్లేదు. "ఇంతేనాండి?"

"ఇంకేం కావాలి?" అని ఆయన విసుక్కున్నాడు.

బయటికొచ్చి వేపచెట్టు కింద నిలబడి అత్త ఏడ్చింది. ఓదార్చబోతే నా చెయ్యి తోసేసింది. "ఇంతే అంట! ఇంతే! ఇంత ఉంచుకుని మీరంతా నోళ్ళు మూసుకుని కూర్చున్నారా ఇన్నాళ్ళూ?" అని నా మీద అరిచింది, నడిరోడ్డు మీద.

నాకు మాత్రం అంత తేలిగ్గా పోలేదు. టీచరుగా ఉండి కరపత్రాలు పంచినందుకు క్షమాపణ రాసివ్వమని మా స్కూలు యాజమాన్యం కాగితం పంపింది. అత్తా నేనూ నందిగామ వెళ్తే నాన్న నన్ను లోపలికి పిలిచి గొంతు తగ్గించాడు.

"రెండు ముక్కలు రాసిచ్చెయ్యమ్మా. ఉద్యోగం పోతే ఎట్లా?"

అత్త గుమ్మంలోంచి విని లోపలికొచ్చింది. "నువ్వు పెద్దగా చదివేది ఢిల్లీవాళ్ళ గురించి అన్నయ్యా. వాళ్ళకి నీ మాట వినపడదు. మన వీధిలోవాడి గురించి ఒక్కసారి గట్టిగా చదువు, వింటా."

నాన్న రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున అరుగు మీద పేపరు చదవడం అయ్యాక, జేబులోంచి ఆ కరపత్రం తీశాడు. చదివాడు. ఆ వాక్యం దగ్గరికొచ్చి ఒకసారి వీధి వైపు చూశాడు. అయినా ఆపలేదు.

నేను యాజమాన్యానికి ఇలా రాశాను: "పంచిన మాట నిజం. సెలవు రోజున పంచాను. అందులో ఒక్క అబద్ధం చూపించండి, క్షమాపణ చెబుతాను." వాళ్ళు చూపించలేదు. నన్ను కృష్ణ ఒడ్డున వాళ్ళదే ఇంకో రెండు గదుల బడికి బదిలీ చేశారు. పెట్టె సర్దుకుని వెళ్ళాను. ఆ ఊళ్ళో కూడా నా చేత అర్జీలు రాయించుకునేవాళ్ళు దొరికారు, రాశాను. మన దేశంలో ఎన్ని స్వేచ్ఛలున్నాయో చెప్పే ఉపన్యాసాలు ఆ తర్వాత చాలా విన్నాను. వాటిని వాడితే బదిలీ అవుతుందని వాళ్ళెవరూ చెప్పలేదు. బదిలీ మాత్రమే అవుతుందని అత్త చెప్పింది. ఆ "మాత్రమే" విలువ ఆమెకు తెలిసినట్టు మాలో ఎవరికీ తెలియదు.

పాలెం దారి నెల తర్వాత తెరిచారు. సగమే తెరిచారు. బండి పట్టదు, బిందెతో మనిషి పడుతుంది. మిగతా సగం కోసం ఆ ఆడవాళ్ళు ఇంకో కరపత్రం వేయించారు. కంట్రాక్టరు రసీదుల పని పోయినందుకు యజమాని రోజూ అత్త మీద సణిగేవాడు. పనిలోంచి మాత్రం తీయలేదు.

మామయ్య ఆ తర్వాత రెండేళ్ళకు వచ్చాడు. చిక్కిపోయాడు, చూపు తగ్గింది. పేటలో అత్త ఆయన్ని ప్రెస్సుకు తీసుకెళ్ళి, గోడకు అంటించి ఉన్న ఆ రెండు కరపత్రాలు చూపించింది. సెలవులకు వచ్చి నేనూ ఉన్నాను. ఆయన కళ్ళు దగ్గరగా పెట్టి ఒక్కో అక్షరం చదివాడు.

"ఎవరి పర్మిషను తీసుకున్నావ్?" అన్నాడు.

"ఎవరిదీ తీసుకోలేదు" అంది అత్త.

ఆయన గోడ దగ్గర్నించి కదల్లేదు. అత్త స్టూలు తెచ్చి వేసింది. కూర్చుని మళ్ళీ మొదటి నుంచి చదివాడు, ఈసారి పైకే.