కొసరుకు వచ్చిన వెల్వెట్ గలేబు

బావ పోయాక మధిరలో మా కిరాణా కొట్టుకు వచ్చి ఉండమంటే అక్క ఒప్పుకోలేదు. "నీ కొట్ల మూలకు కూసొని పొట్లాలు కట్టమంటవా? నా బతుకు నేను బతుకుత" అని భద్రాచలం బస్టాండు దగ్గర చిన్న గది కిరాయికి తీసుకుంది. టైపు నేర్చిన మనిషి, కాగితాలు కొట్టిచ్చి బతకాలనుకుంది. వాడిన కంప్యూటరు ఒకటి ఖమ్మంలో బేరమాడి తెచ్చే పని నాకు అప్పగించింది. బేరంలో నన్ను మించినవాడు లేడని ఇంటిల్లిపాదికీ నమ్మకం. అందరికంటే నాకే ఎక్కువ.

ఆ కాలపు కంప్యూటరు తనలో ఏదీ దాచుకునేది కాదు. పొద్దున్నే పల్చటి నల్ల ఫ్లాపీ ఒకటి దాని నోట్లో పెట్టాలి. అందులో ఉన్న ఫైలు చదువుకుంటే తప్ప లేవదు. అమ్మే సాయిబు ధర దగ్గర ఎంతకూ దిగలేదు. కొసరు లేకుండా కొట్టు మెట్లు దిగితే మా వంశానికే నామోషీ అని నేనూ కదల్లేదు.

"సరే సావుకారీ, ఒక్కటిస్త. ఇదే ఫ్లాపీకి ఇంకో కాపీ తీస్కుంటవా, మిషన్ మీద కప్పే ఈ గలేబు తీస్కుంటవా?"

ఫ్లాపీని అరచేతిలో పెట్టి తూచాను. తమలపాకంత బరువు కూడా లేదు. గలేబేమో ఎర్ర వెల్వెట్, చుట్టూ బంగారు అంచు. "కాపీ తీస్కో, పనికొస్తది" అన్నాడాయన. చవకది అంటగడుతున్నాడనుకుని గలేబు లాక్కున్నంత పని చేశాను.

దసరాకు అక్క దగ్గరికి వెళ్లాను. పినపాక వైపు తునికాకు కాంట్రాక్టరొకాయన పండగయ్యాక వస్తానన్నాడట. తన కళ్లముందే టెండరు కాగితం కొట్టి చూపిస్తే ఇక పనంతా అక్కకే. ఆ పని రాకపోతే గది నిలవదు.

మా ఇళ్లలో ఆ రోజు తక్కెడకు, తూకపు రాళ్లకు, గల్లాపెట్టెకు పసుపు రాసి బొట్లు పెడతాం. అక్క కంప్యూటరుకూ పెట్టింది. "దీన్ని లేపేది ఇదే కదరా" అంటూ ఫ్లాపీని కూడా పీట మీద పెట్టింది. దానికి ఒక పక్క, యంత్రం చదివే లోపలి నల్ల పళ్లెం కనబడేలా, చిన్న కిటికీలాంటి సందు ఉంటుంది. బొట్టుకు అంతకంటే మంచి చోటు నాకూ తోచలేదు. అక్కడే తడి కుంకుమ అద్దింది.

మర్నాడు కంప్యూటరు ఇంగ్లీషులో ఒకే ఒక్క ముక్క చూపించి, ఏ మీట నొక్కినా కదలకుండా బిగుసుకుంది.

"ఏందిరా, ఏమంటుంది?"

"మొదలుపెట్టే ఫైలు లేదంటుంది."

"నిన్నటిదాకా ఉండె కద. అది ఎటు పోతది?"

ఆపి మళ్లీ వేశాను. వైర్లు పీకి బిగించాను. ఫ్లాపీ బయటికి తీస్తే సందంతా ఎర్రగా ఉంది. తూకపు రాయి తోమినట్టు పంచె చెంగుతో గట్టిగా రుద్దాను. కుంకుమ పోలేదు. గీతలు మాత్రం పడ్డాయి.

ఖమ్మం పరుగెత్తాను. "ఆ రకం మిషన్ ఒక్కటే ఉండె, నీకే ఇచ్చిన. దాని ఫ్లాపీ నా కాడ ఇంకేడిది?" అన్నాడు సాయిబు.

"ఎంతైనా ఇస్త." ఆ మాట నా నోట రావడం అదే మొదలు.

నా మొహం చూసి పైసా అడగకుండా వేరే మిషన్ ఫ్లాపీ చేతిలో పెట్టాడు. "పడ్తదో పడదో. తీస్కపో." అడవి గుండా వెళ్లే బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని, కుదుపు వచ్చినప్పుడల్లా రెండు చేతులూ అడ్డం పెట్టాను. గదికి చేరి లోపల పెడితే యంత్రం కాసేపు గురగురలాడి, మళ్లీ ఆ ముక్క దగ్గరే ఆగింది.

కాంట్రాక్టరు వచ్చాడు. ముందు గలేబు చూసి మెచ్చుకున్నాడు. "మంచిగుందమ్మా. ఏదీ, నడిపియ్యి."

అక్క మీట నొక్కింది. ముగ్గురం ఆ తెల్లటి అక్షరాలను చూస్తూ నిలబడ్డాం.

"రేపటికి బాగైతదన్నా" అంది అక్క.

"టెండర్లు ఆగవు కదమ్మా. కొత్తగూడెంల కొట్టిచ్చుకుంట తియ్." మెత్తగానే అన్నాడు. కసిరి ఉంటే పోట్లాడటానికైనా వీలుండేది. ఆయన వెళ్లాక అక్క యంత్రం ఆపి గలేబు కప్పింది. అంచు ఎక్కడా ముడత పడకుండా చుట్టూ సర్దింది.

గది ఖాళీ చేసి మధిర వచ్చింది. నేను రమ్మనలేదు, తనూ రానా అని అడగలేదు. కొట్టు మూలన కూర్చుని పొట్లాలు కట్టడం మొదలుపెట్టింది. ఒకరోజు బెల్లం కొన్న ముసలామె "కొసరెయ్యవా బిడ్డా" అంటే చిన్న ముక్క వేసింది. "ఇంకింత" అంటే ఇంకో ముక్క. ఆమె అడుగుతున్నంతసేపూ అక్క ఎటో చూస్తూ వేస్తూనే ఉంది. నేను బెల్లం బుట్ట ఇంకాస్త తన దగ్గరికి జరిపాను.